కోడలి ఎదురుగా అడగకూడని సామెతలు

ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో నేను సంతకం పెట్టి వెనక్కి తీసుకున్న రిపోర్టు ఒక్కటే. మిగతావన్నీ సరైనవని కాదు, వాటిలో తప్పులు ఇంకా ఎవరూ పట్టుకోలేదు, అంతే. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు కొందరు ఆ మధ్య ఒక గృహప్రవేశంలో నన్ను చుట్టుముట్టి, "ఆంటీ, మీ బెస్ట్ కేస్ ఏంటో చెప్పండి" అన్నారు. గెలిచిన కేసులు చెబితే వినేవాళ్లకి ఆవలింతలొస్తాయి. అందుకని చెడగొట్టుకున్నదే చెబుతున్నాను.

నేను స్పీచ్ థెరపిస్టుని. డబ్లిన్‌లో ఒక క్లినిక్‌లో పనిచేశాను. డబ్లిన్ అంటే ఐర్లండుది కాదు, మన కాలిఫోర్నియాదే. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పడం సగం పని. మతి తప్పుతోందేమో చూడమని డాక్టర్లు పంపిన పెద్దవాళ్లకి మాటల పరీక్షలు పెట్టడం మిగతా సగం. నేను చేరిన కొత్తలో ఊళ్లో మనవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దుకాణంలో కరివేపాకు కనిపిస్తే ఒకళ్లకొకళ్లం ఫోన్లు చేసుకునేవాళ్లం. నేను రిటైరయ్యే నాటికి ట్రెయిన్ స్టేషన్ పార్కింగ్‌లో తెలుగు వినపడని ఉదయం లేదు. పిల్లల వెనకే తల్లిదండ్రులూ వచ్చారు, వాళ్ల వెనకే వాళ్ల వయసూ వచ్చింది. అలా నాకు తెలుగు పేషెంట్లు మొదలయ్యారు.

మా సూపర్‌వైజరు అరవై దాటిన అమెరికన్ ఆవిడ. మెడలో తాడుకి కళ్లజోడు, చేతిలో ఎప్పుడూ మొన వాడిగా చెక్కిన పెన్సిలు. కాఫీ గదిలో కుర్రాళ్లు జోకు వేస్తే అందరం నవ్వేశాక ఆవిడ నవ్వేది. "నా నవ్వు ఇప్పుడు లోకల్ ట్రెయిన్, అన్ని స్టేషన్లలో ఆగి వస్తుంది" అని తన మీద తనే వేసుకునేది. ఆవిడ పక్కన కూర్చుని కాఫీ తాగిన ఆ పదిహేను నిమిషాల బ్రేకులు ఇప్పుడు ఎంత గుర్తొస్తాయో చెప్పలేను. అప్పట్లో మాత్రం ఆవిడ పాఠం మొదలుపెడితే గడియారం వంక చూసేదాన్ని.

ఆవిడ పదే పదే చెప్పిన పాఠం ఒకటుంది. మా పరీక్షల్లో సామెత చెప్పి అర్థం అడగడం ఒక భాగం. నలుగురికీ వర్తించేలా అర్థం చెబితే రెండు మార్కులు, ఉదాహరణ చెబితే ఒకటి, మాటకి మాట అర్థం చెబితే సున్నా. "ఆ సున్నాల్ని నమ్మకు" అనేది ఆవిడ. "చిన్నప్పటి నుంచీ వాడిన నుడికారం వయసుతో ఎక్కడికీ పోదు. దాన్ని వేరే మాటల్లో విడమర్చి చెప్పమంటేనే పెద్దవాళ్లు తడబడతారు. కొత్త పోలిక వింటే ముందు మామూలు అర్థమే తోస్తుంది, దాన్ని పక్కకి నెట్టడానికి కుర్రాళ్లకంటే కాస్త టైం పడుతుంది. అది వయసు, జబ్బు కాదు. నాలుగు అర్థాలు రాసి ముందు పెట్టు, ఎంచుకోమను, తొందరపెట్టకు. మతి బాగున్నవాళ్లు సరైనదే ఎంచుకుంటారు."

ఇప్పుడు నాకూ డెబ్బై దగ్గరపడ్డాక ఆ మాటలోని నిజం ఒంటికి తెలుస్తోంది. మొన్న పెళ్లికి పట్టుచీర కట్టుకుంటే మా మనవరాలు చూసి "అమ్మమ్మా, ఫైర్!" అంది. కొంగు ఎక్కడ అంటుకుందోనని వెనక్కి తిరిగి చూసుకున్నాను. రెండు క్షణాల తర్వాత బాగుందని అర్థమైంది. ఆ రెండు క్షణాల్లో ఎవరైనా నాకు మార్కులు వేసి ఉంటే సున్నాయే.

సరే, కేసు సంగతికొస్తాను. డాక్టరు గారు ఒక తెలుగు పెద్దావిడని పంపారు. డెబ్బై ఆరేళ్లు. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యాక ఇద్దరూ కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆయన పోయాక ఆవిడ పట్టుబట్టి, పెద్దవాళ్ల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. కొడుకు ఇల్లు కారులో పావుగంట. అక్కడ ఆవిడకి ఇంకో నలుగురు తెలుగు ఆడవాళ్లు తోడు. పొద్దున్నే స్వెటర్లు వేసుకుని కలిసి నడవడం, మధ్యాహ్నం ఒకరి కూర ఒకరికి పంచుకోవడం. రైల్వే క్వార్టర్స్ ఊరూరా మారిన మనిషికి మొదటిసారి తన పేరు మీద వచ్చిన తాళంచెవి అది. ఒకరోజు పొయ్యి మీద పప్పు పెట్టి పక్క ఫ్లాట్‌లో మాటల్లో పడ్డారు. పప్పు మాడి, పొగ అలారం మోగి, బిల్డింగంతా రోడ్డు మీదకొచ్చింది. మేనేజరు నుంచి ఉత్తరం వచ్చింది. కొడుకు భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మతి తప్పుతోందని తేలితే ఫ్లాట్ ఖాళీ చేయించి ఇంటికి తెచ్చుకుంటానన్నాడు. ఆవిడకి కావలసిందల్లా ఆ ఫ్లాట్‌లో ఉండడం.

ఇక్కడ నా గొప్పతనం ప్రవేశిస్తుంది. ఇంగ్లీషు సామెతలు ఆవిడని అడిగితే అన్యాయమని నేనే ఒక తెలుగు పట్టీ తయారుచేశాను. మా అమ్మమ్మ నోట విన్నవన్నీ గుర్తు తెచ్చుకుని తొమ్మిది రాశాను. మా అమ్మమ్మ నోట్లోంచి వచ్చేవి అత్తల మీదా కోడళ్ల మీదా తప్ప ఇంకేముంటాయి? తొమ్మిదింటిలో ఆరు అవే. చివర్లో పాత అలవాటు వదలక "దొర్లే రాయికి నాచు పట్టదు" అనే ఇంగ్లీషువాళ్ల సామెతని తెలుగు చేసి పదోదిగా కలిపాను. నాలుగేసి అర్థాలు రాయాలని సూపర్‌వైజరు చెప్పింది గుర్తుంది. రాయడానికి ఇంకో ఆదివారం పోతుంది కదా అని బద్ధకించాను. పట్టీ మాత్రం అందంగా ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను.

ఆ రోజు ఆవిడని తీసుకొచ్చింది కోడలు. సాఫ్ట్‌వేర్‌లో పని, తెలంగాణ పిల్ల. "నేను బయట కూర్చోనా మేడమ్?" అని అడిగింది కూడా. మనలో మనకి మొహమాటం కదా, ఇంటి మనిషిని బయటికి పొమ్మనడానికి నోరు రాలేదు. "ఫర్వాలేదమ్మా, కూర్చో" అన్నాను. మూలకుర్చీలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. అమెరికన్ పేషెంటైతే బంధువుల్ని గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు.

గడియారం బొమ్మ ఆవిడ బాగానే గీశారు. చెప్పిన ఐదు మాటల్లో నాలుగు గుర్తుంచుకున్నారు. తర్వాత నా పట్టీ తీశాను.

"అమ్మగారూ, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు కదా. అంటే ఏమిటండీ?"

ఆవిడ ఒకసారి మూలకి చూశారు. "దుత్తంటే చిన్న కుండమ్మా. పాలు కాచేవాళ్లం. ఇప్పుడు ఎవరూ వాడట్లేదు."

సున్నా వేశాను.

"అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరు అంటారు. దానర్థం?"

ఈసారి మూలకి చూడలేదు. తన చేతిగాజులు చూసుకుంటూ, "పాపం, అత్త పోయిందని ఏడ్చిందమ్మా ఆ పిల్ల" అన్నారు.

ఇంకో సున్నా. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అంటే మాత్రం మొహం విప్పారింది. "మా క్వార్టర్స్‌లోకి కొత్తగా వచ్చిన ఒకావిడ నెలరోజులు తెల్లారగట్ల నాలుగింటికే లేచి వీధంతా ముగ్గులు పెట్టిందమ్మా, రెండో నెల నుంచి ఎనిమిదైనా తలుపు తీసేది కాదు" అని నవ్వారు. ఉదాహరణ కాబట్టి ఒక మార్కు. రాయీ నాచూ అడిగితే, "దొర్లేదానికి నాచెలా పడుతుందమ్మా? తడి ఉండొద్దూ? అయినా పట్టకపోతేనే మంచిది, కాలు జారదు" అన్నారు. నేను సున్నా వేసి లోపల జాలిపడ్డాను. జాలి! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మొత్తం మీద ఇరవైకి మూడొచ్చాయి. "నుడికారం గ్రహించడంలో స్పష్టమైన లోపం" అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను.

వారం తర్వాత డాక్టరు గారు తన గదిలో మా అందరి ముందూ రిపోర్టు చదివారు. మిగతావన్నీ అటూ ఇటుగా ఉంటే తూకం దించింది నా సున్నాలే. కొడుకు తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇక మన ఇంట్లోనే ఉందువుగాని. ఈ నెలాఖరుకి ఫ్లాట్ ఇచ్చేద్దాం" అన్నాడు. కోడలు కళ్లు తుడుచుకుంది. ఆవిడ సంచీ తీసుకుని లేచారు. వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగి, "నీ తప్పేం లేదులే అమ్మా" అన్నారు. మతి పోయిన మనిషి అనే మాటేనా అది? అప్పుడైనా నాకు వెలగొద్దూ? వెలగలేదు. ఇంటికెళ్లి అన్నం తిని నిద్రపోయాను.

తర్వాత సోమవారం పొద్దున కోడలు ఫోన్ చేసింది.

"మేడమ్, ఒక మాట చెప్త, నవ్వద్దు. శనివారం మా అత్తమ్మను ఇంటికి తీసుకొచ్చినం. అక్కడి ఫ్రెండ్‌తోని ఫోన్ల మాట్లాడుతూ నన్ను తిట్టిన్రు."

"అయ్యో" అన్నాను.

"అది కాదు మేడమ్. తిట్టినందుకు కాల్ చెయ్యలే. పది నిమిషాలల్ల నాలుగు సామెతలు వాడిన్రు. అన్నీ నా మీదనే. ఒక్కటి కూడా తప్పు పోలే, అన్నీ కరెక్ట్‌గా నాకే తగిలినయ్. మీరు టెస్ట్‌ల అడిగిన దుత్త సామెత కూడా అన్నరు, నేను గిన్నెలు గట్టిగ పెడుతున్ననని. డాక్టర్ రూంల నేను ఏడిస్తే, అత్త చచ్చిన ఆర్నెల్లకి అన్నరు. మరి ఆమెకు సామెతలు తెల్వయని మీరెట్ల రాసిన్రు?"

నేను ఆవిడ ఫైలు తీసి ఆ సున్నాలు మళ్లీ చూశాను.

"మీరు అనుకోవచ్చు, అత్తను ఇంట్ల పెట్టుకోలేక ఫోన్ చేస్తుందని. అది కూడా కొంచెం నిజమే మేడమ్, అబద్ధం ఎందుకు. కానీ ఆమె అక్కడ ఉంటేనే మంచిగుంటది. ఇంట్ల పొద్దంత ఒక్కతే గోడలు చూసుకుంట కూర్చుంటది."

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "మీ భాషలో సామెతని ఎవరు ఎవరితో అంటారు?" అని అడిగింది. నేను ఆలోచించాను. మన ఇళ్లల్లో సామెత అర్థం ఎవరూ ఎవరికీ విప్పి చెప్పరు. విసురుతారు, తగలాల్సినవాళ్లకి తగులుతుంది. గదిలో కోడలుండగా అత్తాకోడళ్ల సామెత అర్థం విప్పి చెప్పడమంటే ఆ పిల్లని మొహం మీద దెప్పడమే. ఆవిడకి అర్థం కాక కాదు, అర్థమయ్యే కుండ గురించి మాట్లాడారు. ఇది అమెరికన్ సూపర్‌వైజరుకి తెలియకపోవడంలో వింత లేదు. నాకు తెలియకపోవడమే వింత. మా అమ్మ మా నాయనమ్మ ముందు ఇలాగే నోరు మూసుకోవడం నేను చూస్తూ పెరిగినదాన్ని.

నాలుగు రోజుల్లో మళ్లీ పరీక్ష పెట్టుకున్నాను. ఈసారి ఒక్కో సామెతకి నాలుగేసి అర్థాలు పెద్దక్షరాలతో రాశాను. కోడల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేశాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఒక్కో కాగితం తీరిగ్గా చదివి, సరైనదాని మీద వేలు పెట్టుకుంటూ పోయారు. నాచు దగ్గర మాత్రం ఆగిపోయి, "ఇది మాత్రం నాకెక్కట్లేదమ్మా. రాయికి మంచిదా చెడ్డదా?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఎప్పుడూ సరిగ్గా తెలియదు. మిగతా తొమ్మిదీ సరిగ్గా చెప్పారు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేదేమో. కానీ మామూలు మాటల్లో పేషెంటు ఏం వాడుతున్నారో కూడా రాసి పంపమని డాక్టరు గారు అడిగారు. కోడలు తను విన్న సామెతలు ఒక కాగితం మీద రాసిచ్చింది. నేను దాన్ని తీసి, "అమ్మగారూ, శనివారం ఇవి మీరు ఎక్కడైనా అన్నారా?" అని నాలుగూ చదివాను.

ఆవిడ మొహంలో రంగు పోయింది. "ఎవరు చెప్పారు?"

నేను కాగితం మడిచి పక్కన పెట్టాను.

"ఆ పిల్ల విన్నదా?" అన్నారు నెమ్మదిగా. నేను తలూపాను. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "నేనేమీ అనలేదమ్మా. నాకేం గుర్తులేదు. గుర్తులేదనే రాసుకో."

"అలా రాస్తే మీకు మతిమరుపనే అవుతుందండీ. అన్నది వారం కూడా కాలేదు. ఫ్లాట్ పోతుంది."

"పోనీ" అన్నారు. "మతి లేని అత్తతో అయితే ఆ పిల్ల ఏదోలా సర్దుకుంటుంది. మనసులో ఇంత పెట్టుకున్న అత్తని ఎలా చూస్తుంది?"

పెన్ను కింద పెట్టేశాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవడం మా శిక్షణలో మొదటి పాఠం, దాచుకోలేకపోయాను. కోడలు గదిలో ఉంటే తప్పని నేర్చుకుని నాలుగు రోజులు కాలేదు. ఇప్పుడు బయట ఉంటేనే తప్పనిపించింది. పుస్తకం ఏమంటుందో ఆలోచించకుండా వెళ్లి తలుపు తీసి పిలిచాను.

ఆ పిల్ల వచ్చి అత్త పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "అత్తమ్మా, ఆ కాగితం నేనే రాసిచ్చిన."

ఆవిడ తల దించుకున్నారు. "చాటుగా విన్నావా?"

"చాటుగనా? మీరు స్పీకర్ పెట్టి మాట్లాడిన్రు. పక్కింటి చైనా ఆవిడ కూడా వినుంటది."

ఆవిడకి నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా భుజాలు కదలడం కనిపించింది. కోడలు నవ్వలేదు. "నాకు ఏడుపొచ్చింది అత్తమ్మా, అబద్ధం చెప్ప. అయినా రాసిచ్చిన. ఇప్పుడు మీరు చెప్పకపోతే మీ ఇల్లు పోతది. మేడమ్ అడిగింది చెప్పుండ్రి."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇప్పుడు అడక్క తప్పదు. కాగితంలో మొదటిదే అడిగాను.

"అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరు. శనివారం మీరు అది అన్నారు కదండీ. అంటే ఏమిటి?"

ఆవిడ ఒళ్లోని కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. నేను తొందరపెట్టలేదు. తర్వాత కోడలి వైపు కాకుండా నా వైపే చూస్తూ అన్నారు.

"అంటే, నాకు కోపమొచ్చిందని."

మా మార్కుల పుస్తకంలో అలాంటి జవాబు లేదు. అది నలుగురికీ వర్తించే అర్థమూ కాదు, ఉదాహరణా కాదు, మాటకి మాటా కాదు. రెండు వేశాను. ఇంకో గడి ఉంటే మూడు వేసేదాన్ని. ఆ మధ్యాహ్నమే పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని డాక్టరు గారికి రాశాను. పప్పు మాడడం వయసులో జరిగే పరాకేననీ, దానంతటదే ఆరిపోయే పొయ్యి పెట్టిస్తే చాలుననీ కూడా రాశాను. కొడుకు ఫ్లాట్ ఖాళీ చేయించే ఆలోచన మానుకున్నాడు.

ఆ రోజు వాళ్లిద్దరూ లేచి వెళుతుంటే వెనకే గుమ్మం దాకా వెళ్లాను. కోడలు అత్త చేతికి సంచీ అందిస్తూ, "కోపమొస్తే ఫోన్ల వాళ్లకు వీళ్లకు ఎందుకు అత్తమ్మా, సామెతేదో నాతోనే అనొచ్చు కద" అంది.

"నీతో అంటే నీకు అర్థమైపోతుంది కదే" అన్నారు ఆవిడ.